సెక్షన్ సారు

మా కాలనీ సంఘం అధ్యక్షుల వారికి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది. అది ఆయన ఆధార్ కార్డు మీద ఉంటుంది. శామీర్‌పేట మండలాఫీసు మొదలు అంతాయిపల్లి కలెక్టరేట్ దాకా ఆయన్ను ఎరిగిన వాళ్లంతా పిలిచేది మాత్రం 'సెక్షన్ సారు' అనే. ఎదురుగా ఆ మాట అన్నా ఆయనకు కోపం రాదు. పైగా మీసం కింద చిన్న నవ్వు కూడా వస్తుంది.

బ్యాంకు తనిఖీ విభాగంలో పనిచేసి రిటైరైన మనిషి. పాత లెడ్జరు ఇచ్చి కూర్చోబెడితే అన్నం కూడా అడగడు. భార్య పోయాక, కొడుకు డాలస్‌లో స్థిరపడ్డాక, ఆయనకు మిగిలిన సంసారం మా కాలనీయే. కాలనీ పేరు, ఊరి పేరు చెప్పను. చెబితే మేడ్చల్ నుంచి తుర్కపల్లి దాకా ఉన్న కాలనీల వాళ్లంతా 'మా గురించే రాశాడు' అంటారు. చెప్పకపోయినా అంటారు, అది వేరే సంగతి.

రాజీవ్ రహదారికి కాస్త లోపలికి, ఒకప్పటి ద్రాక్షతోటలో కట్టిన అపార్టుమెంట్లు మావి. నాలుగు బ్లాకులు. కొనేటప్పుడు బిల్డరు చూపించిన బ్రోచరులో శామీర్‌పేట చెరువు, అవుటర్ రింగు రోడ్డు, జీనోమ్ వ్యాలీ, నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం అన్నీ పక్క వీధిలో ఉన్నట్టే ఉండేవి. గ్రామ పంచాయతీ సంగతి మాత్రం అందులో లేదు. గృహప్రవేశం అయ్యాక ఇంటి పన్ను నోటీసు వచ్చినప్పుడు గానీ మేము ఒక ఊళ్లో ఉన్నామని మాకు తెలియలేదు. ఊరికి మాత్రం మేము ఉన్నామని పన్ను నాడు తప్ప గుర్తుండేది కాదు.

గొడవంతా ట్రాక్టరు దగ్గర మొదలైంది. 2019లో పల్లె ప్రగతి కార్యక్రమం పెట్టి, రాష్ట్రంలో ఉన్న 12,769 పంచాయతీలకూ ట్రాక్టరు, ట్రాలీ, ట్యాంకరు సమకూర్చుకోమన్నారు. చెత్త ఎత్తాలి, హరితహారం మొక్కలకు నీళ్లు పోయాలి. మంచి పథకమే. మా పంచాయతీ ట్రాక్టరు కొత్తలో పూలదండతో వచ్చి మా గేటు ముందు ఫొటో దిగింది. ఆ తర్వాత దాన్ని మేము ఎక్కువగా చూసింది ఎవరో ఒకరి వెంచరులో ఇటుకలు దింపుతుండగా. మా చెత్త మాత్రం గేటు పక్కన గుట్టగా పెరిగి, రాత్రిళ్లు కుక్కలకు, పగలు మా వాట్సాప్ గ్రూపుకు మేత అయింది.

"అరిచి ఏం లాభం? ట్రాక్టరు ఎక్కడ తిరిగిందో డీజిల్‌ను అడుగుదాం" అన్నారు సెక్షన్ సారు.

అప్పటి నుంచి ఆదివారం పొద్దున కమ్యూనిటీ హాల్లో ఆయన క్లాసు. మొదట్లో ఇడ్లీల కోసం వచ్చేవాళ్లం, తర్వాత పాఠం కోసమే వచ్చాం. ఆయన చెప్పే తీరు అలాంటిది. 1996లో రాజస్థాన్‌లోని బ్యావర్ పట్టణంలో కూలీలు, రైతులు పంచాయతీ ఖర్చుల కాగితాల నకళ్లు కావాలని నలభై రోజులు ధర్నాలో కూర్చున్న కథ చెప్పేవారు. కూలి డబ్బుల మస్టర్ రోల్ మీద తమ పేరు ఉందో లేదో చూసుకోవాలన్నది వాళ్ల గొడవ. అరుణా రాయ్ ఐఏఎస్ కొలువు వదిలేసి వాళ్ల మధ్యకు వెళ్లి మట్టి ఇంట్లో ఉన్నదని చెప్పేటప్పుడు ఆయన గొంతు పట్టేసేది. ఆ కూలీలు వేసిన విత్తనమే 2005 అక్టోబరు 12న అమల్లోకి వచ్చిన సమాచార హక్కు చట్టం అనేవారు. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనుల లెక్కల్ని ఊరి నడిబొడ్డున చదివి వినిపించే సామాజిక తనిఖీని దేశంలో ముందుగా పద్ధతి ప్రకారం నడిపింది మనవాళ్లేనని ఛాతీ విరిచేవారు.

"గ్రామస్థాయిలో దరఖాస్తుకు ఫీజు లేదు. మండలంలో అయిదు రూపాయలు. ఆ పైన ఎక్కడైనా పది. తెల్ల కాగితం చాలు. ఎవడి కాళ్లూ పట్టుకోనక్కర్లేదు."

బి బ్లాకు గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉండే టీచరమ్మ ఎప్పుడూ ముందు వరసలో కూర్చునేది. సిద్దిపేట దిక్కు ఒక సర్కారు బడిలో చెప్పి రిటైరైంది. నోటుపుస్తకంలో మార్జిన్ గీసి మరీ రాసుకునేది. ఒకసారి చెయ్యెత్తింది.

"సారూ, ఎందుకు కావాల్నో చెప్పకుంటనే అడగచ్చా?"

సారు కళ్లు మెరిశాయి. "అమ్మా, బంగారం లాంటి ప్రశ్న. సెక్షన్ 6, సబ్ సెక్షన్ 2. కారణం చెప్పమని అడిగే అధికారం వాడికి లేదు. మన డబ్బు, మన లెక్క. కారణం ఏమిటని అడిగాడంటే వాడి దగ్గర దాచుకోవాల్సింది ఏదో ఉందని అర్థం. రాసుకోండి."

అందరం రాసుకున్నాం.

"ఇంకొకటి. 'ఎందుకు' అని మీరూ అడక్కూడదు. ఈ పని ఎందుకు చేశారు, ఎందుకు చెయ్యలేదు అని రాస్తే ఆ దరఖాస్తు చెత్తబుట్టలోకి పోతుంది. మన తెలుగువాడే, ఖానాపురం గండయ్య అని, ఒక జడ్జిగారు తీర్పు అలా ఎందుకిచ్చారో చెప్పమని అడిగాడు. 2010లో సుప్రీంకోర్టు కుదరదంది. రికార్డులో ఉన్నది మాత్రమే అడగాలి. బిల్లు నకలు ఇవ్వండి, లాగ్‌బుక్ నకలు ఇవ్వండి, అంతే. కాగితమే మాట్లాడుతుంది."

టీచరమ్మ ఆ చివరి మాట కింద రెండు గీతలు గీసుకోవడం నేను చూశాను.

2022 దసరా వెళ్లాక పంచాయతీకి దరఖాస్తు వెళ్లింది. రెండు ఆర్థిక సంవత్సరాల ట్రాక్టరు లాగ్‌బుక్, డీజిల్ బిల్లులు, మరమ్మతు బిల్లులు, క్యాష్‌బుక్‌లో సంబంధిత పేజీలు. చట్టం ఇచ్చిన గడువు ముప్పై రోజులు. ఇరవై తొమ్మిదో నాడు జవాబు వచ్చింది. మూడే ముక్కలు. ఒకటి, అడిగిన సమాచారం విస్తారమైనది, సేకరించాలంటే సిబ్బంది రోజువారీ పనులు ఆగిపోతాయి. రెండు, గత కార్యదర్శి బదిలీపై వెళ్తూ కొన్ని ఫైళ్లు అప్పగించలేదు. మూడు, సదరు సమాచారం ఏ ప్రయోజనం నిమిత్తం కోరుచున్నారో లిఖితపూర్వకంగా తెలియజేయగలరు.

సెక్షన్ సారుకు అంతకు మించిన పండగ లేదు. ఆ జవాబును లిఫ్టు పక్కన అద్దాల నోటీసు బోర్డులో పెట్టించి, ఒక్కో ముక్క పక్కన ఎర్ర సిరాతో రాశారు. 'విస్తారమైనది అన్న సాకుతో సమాచారం ఏ రూపంలో ఇవ్వాలో మార్చుకోవచ్చు గానీ ఎగ్గొట్టడం కుదరదు: సెక్షన్ 7(9) మళ్లీ చదువుకోండి.' 'ఫైలు దొరకలేదు అన్న మినహాయింపు సెక్షన్ 8లో ఎక్కడుందో చూపండి.' మూడోదాని పక్కన మాత్రం '6(2)' అని, రెండు ఆశ్చర్యార్థకాలు. వచ్చిన చుట్టాలకు మేము చెరువును, తర్వాత ఆ బోర్డును చూపించేవాళ్లం.

మండలంలో మొదటి అప్పీలు వేశాం. గరిష్ఠంగా 45 రోజుల్లో తేల్చాలి. తేల్చలేదు. 2023 మొదట్లో, మొజంజాహీ మార్కెట్ దగ్గర సమాచార హక్కు భవన్‌కు రెండో అప్పీలు వెళ్లింది. అది అక్కడికి చేరేసరికి వినాల్సిన వాళ్లు ఇంటికి వెళ్లిపోయారు. ఆ ఫిబ్రవరిలో కమిషనర్ల పదవీకాలం ముగిసింది. కొత్తవాళ్లను వేయలేదు. భవనం ఉంది, బోర్డు ఉంది, అప్పీళ్లు తీసుకుని ముద్ర కొట్టే గుమాస్తా ఉన్నాడు. తీర్పు చెప్పే కుర్చీలో మాత్రం ఎవరూ లేరు. అక్టోబరులో సుప్రీంకోర్టు తెలంగాణ, జార్ఖండ్, త్రిపుర పేర్లెత్తి, ఇలా ఖాళీగా వదిలేస్తే చట్టం చచ్చిన అక్షరమవుతుందని మందలించింది. ఆ మాట పేపర్లో వచ్చిన రోజు సారు దాన్నీ కత్తిరించి బోర్డులో పెట్టారు. కుర్చీలు మాత్రం 2025 మే దాకా నిండలేదు. సర్కారు మారింది, కుర్చీ ఖాళీ మారలేదు.

ఈలోగా అసలు పంచాయతీకే నూకలు చెల్లాయి. 2024 ఫిబ్రవరి మొదట్లో సర్పంచుల గడువు తీరి ప్రత్యేకాధికారి వచ్చాడు. సెప్టెంబరులో అవుటర్ చుట్టుపక్కల పల్లెల్ని పక్క మునిసిపాలిటీల్లో కలిపేశారు. మా ఊరూ అందులో కొట్టుకుపోయింది. ఆ తర్వాత మూడుచింతలపల్లి, అలియాబాద్, ఎల్లంపేటలను కూడా మునిసిపాలిటీలు చేసేసరికి, మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో గ్రామ పంచాయతీ అన్నదే లేకుండా పోయింది. సర్పంచి లేడు, వార్డు సభ్యుడు లేడు, గ్రామసభ లేదు. లెక్క అడుగుదామంటే అప్పున్నవాడే లేడు.

సెక్షన్ సారు నిరాశపడలేదు. ఆయన మునిసిపాలిటీకి కొత్త దరఖాస్తు రాసి ఈసారి పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించారు. "ఊరు కలిస్తే ఊరి ఆస్తీ కలుస్తుంది, అప్పూ కలుస్తుంది, రికార్డూ కలుస్తుంది" అన్నారు. అక్కడి సిబ్బంది మొదట పాత పాటే పాడారు. మే నెలలో కమిషన్‌కు కొత్త ప్రధాన కమిషనర్, కమిషనర్లు వచ్చారన్న వార్త వచ్చాక వాళ్ల గొంతు మెత్తబడింది. ఆలస్యానికి రోజుకు 250 రూపాయల చొప్పున 25 వేల దాకా జరిమానా అధికారి జీతంలోంచే పోతుందన్న సంగతి అప్పటిదాకా చట్టం పుస్తకంలోనే ఉండేది, ఆ నెలలో మనుషుల ముఖాల్లోకి వచ్చింది. "వచ్చి చూసుకోండి సార్" అని ఫోను చేశారు.

జూన్‌లో వెళ్లాం, ఆయనా నేనూ. రికార్డుల తనిఖీకి మొదటి గంట ఉచితం. ఆ తర్వాత ప్రతి పావుగంటకూ అయిదు రూపాయలు. సారు చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టుకున్నారు.

పాత పంచాయతీ ఆఫీసు వెనక గది. జెండా కర్రలు, పగిలిన ట్యూబులైట్లు, మొక్కల సంచులు, వాటి మధ్య మూడు గోనె బస్తాల్లో మా ఊరి చరిత్ర. అటెండరు ఒక బస్తా మూతి విప్పి పక్కకు జరిగాడు.

"ఎలుకలుంటయ్ సారూ, పైలం. పోయిన సారి ఆడిట్ సారు చెయ్యి పెట్టి ఉరికిండు."

క్యాష్‌బుక్, ఓచర్ల కట్ట, చెక్కుల రిజిస్టరు, లాగ్‌బుక్ ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. 2018 పంచాయతీరాజ్ చట్టం సర్పంచికీ ఉపసర్పంచికీ కలిపి చెక్ పవర్ ఇచ్చింది. ఒకరు తప్పు చేస్తే రెండోవారు పట్టుకుంటారని దాని ఉద్దేశం. ప్రతి చెక్కు మీదా ఇద్దరి సంతకాలూ పక్కపక్కనే, ఎంతో అన్యోన్యంగా ఉన్నాయి.

సారు లాగ్‌బుక్ చదవలేదు. మేమంతా అయితే దాంతోనే మొదలుపెట్టేవాళ్లం. ఆయన మరమ్మతు బిల్లులు తీశారు. గేరుబాక్సు పని, మేడ్చల్ గ్యారేజీ, బండి అప్పగించిన తేదీ, తిరిగి ఇచ్చిన తేదీ. ఆ రెండు తేదీలను చిన్న చీటీ మీద రాసుకుని అప్పుడు లాగ్‌బుక్ తెరిచారు. గేరుబాక్సు ఊడదీసి గ్యారేజీలో పడి ఉన్న పదకొండు రోజుల్లోనూ మా ట్రాక్టరు రోజుకు ఆరు ట్రిప్పుల చెత్త ఎత్తింది. హరితహారం మొక్కలకు నీళ్లు పోసింది. ఆదివారం కూడా సెలవు తీసుకోలేదు. ప్రతి రోజుకూ డీజిల్ బిల్లు ఉంది.

అటెండరు తొంగిచూసి చిన్నగా నవ్వాడు. "గేరుబాక్సు లేకుంటనే ఇంత పని చేసింది, ఉంటే ఎంత చేస్తుండెనో!"

గంటకు రెండు నిమిషాలు ముందే సారు గడియారం పెట్టుకున్నారు. కావాల్సిన పేజీలకు జెండా కాగితాలు అంటించారు. నకలుకు పేజీకి రెండు రూపాయలు కట్టమన్నాడు అక్కడి గుమాస్తా. "గడువు దాటాక ఇచ్చే సమాచారం ఉచితం, సెక్షన్ 7(6)" అన్నారు సారు. గుమాస్తా మారుమాట్లాడకుండా జిరాక్సుకు పంపాడు. నిజం చెప్పాలంటే ఆ రోజు ఆ గదిలో ఆయన్ను చూసి నాకు దండం పెట్టాలనిపించింది. మన ఊళ్లలో దొంగతనాలు దొరక్కపోవడానికి తెలివైన దొంగలు కారణం కాదు, ఓపికగా రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూసేవాడు లేకపోవడమే.

తేలిన సొమ్ము పెద్దదేం కాదు, వేలల్లోనే. కానీ అంతాయిపల్లికి నివేదిక వెళ్లింది. వసూలుకు నోటీసు సిద్ధమవుతోందన్నారు. (ఆ ఏడాది డిసెంబరులో మేడ్చల్, తూంకుంటలతో సహా అవుటర్ చుట్టూ ఉన్న 27 పట్టణాలు, నగరాలు జీహెచ్‌ఎంసీలో కలిసిపోయాయి. నోటీసు పంపాల్సిన మునిసిపాలిటీ కూడా లేకుండా పోయింది. అది ఈ కథ కాదు.)

ఆగస్టు 15న జెండా వందనం అయ్యాక సారుకు సన్మానం చేశాం. శాలువా, పూలదండ, మెమెంటో. పిల్లలు చట్టం మీద చిన్న నాటిక వేశారు. సారు అరగంట మాట్లాడారు. లెక్క చూపించడం దయ కాదు, బాధ్యత అన్నారు. ప్రజల డబ్బు పట్టుకున్న ప్రతివాడూ అద్దాల గదిలో కూర్చోవాలన్నారు. చప్పట్లు ఆగలేదు. లడ్డూలు పంచుతుండగా టీచరమ్మ వేదిక దగ్గరికి వచ్చి, సారుకు నమస్కారం పెట్టి, ఒక కవరు చేతికిచ్చింది. అభినందన పత్రం అనుకున్నాం. ఆయనా అలాగే అనుకుని కళ్లకద్దుకుని జేబులో పెట్టుకున్నారు.

ఆ కవరులో ఉన్నది దరఖాస్తు. ఆమె నకలు ఉంచుకుంది కనుక తర్వాత నేనూ చదివాను. మార్జిన్ గీసిన తెల్ల కాగితం, గుండ్రటి బడిపంతులమ్మ దస్తూరి, పైన పిన్ను కొట్టిన పది రూపాయల నోటు ఉన్నట్టు ఒక గుర్తు.

విషయం ఇది. అంతకు ముందు ఏడాది ఎండాకాలం బోర్లన్నీ ఎండిపోయి, ట్యాంకర్ల మీద బతికాం. అప్పుడు సంఘం ఫ్లాటుకు ఆరు వేల చొప్పున ప్రత్యేకంగా వసూలు చేసి కొత్త బోరు వేయించింది. వెయ్యి అడుగులు దాటినా తెల్లటి దుమ్ము తప్ప చుక్క రాలేదు. మా దిక్కు రాతినేలలో అది వింతేం కాదు, ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. ఆ వేసవి చివర్లో సమావేశంలో ఖర్చు చదివినప్పుడు బోరు, కేసింగు, మోటారు, కేబులు, స్టార్టరు అన్నీ కలిపి ఒక్క అంకెగా చదివారు. మేమంతా తలలూపాం. టీచరమ్మ మాత్రం నోటుపుస్తకంలో రాసుకుంది.

నీళ్లు పడని బోరుకు మోటారు ఎందుకు కొన్నారు అని ఆమె తన దరఖాస్తులో అడగలేదు. 'ఎందుకు' అని అడగకూడదని సారే చెప్పారు కదా. మోటారు బిల్లు నకలు ఇవ్వగలరు, బోరు లోతు రాసిన రిగ్గువాళ్ల కాగితం నకలు ఇవ్వగలరు, సంఘం క్యాష్‌బుక్‌లో ఆ రెండు నెలల పేజీలు చూసుకోనివ్వగలరు అని మాత్రమే రాసింది. మూడు వాక్యాలు. కాగితమే మాట్లాడుతుందని ఆమె నమ్మింది.

జవాబు ఇరవై తొమ్మిదో నాడు వచ్చింది. లెటర్‌హెడ్ మీద, రబ్బరు ముద్రతో, సారు సంతకంతో. టీచరమ్మ దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టింది.

"జర చదివి చెప్పున్రి బాబూ. నాకు సమజైతలేదో, సమజైంది తప్పో."

చదివాను. ఒకటి, మన సంఘం సమాచార హక్కు చట్టం సెక్షన్ 2(హెచ్) ప్రకారం ప్రభుత్వ సంస్థ కాదు. 2013లో తలప్పలం సహకార బ్యాంకు కేసులో సర్వోన్నత న్యాయస్థానం ఇచ్చిన తీర్పు చూడగలరు. రెండు, అడిగిన సమాచారం విస్తారమైనది, సేకరించాలంటే స్వచ్ఛందంగా పనిచేస్తున్న కార్యవర్గం రోజువారీ పనులు ఆగిపోతాయి. మూడు, గత కోశాధికారి ఉద్యోగరీత్యా బెంగళూరు వెళ్తూ కొన్ని ఫైళ్లు అప్పగించలేదు. నాలుగు, సదరు సమాచారం ఏ ప్రయోజనం నిమిత్తం కోరుచున్నారో లిఖితపూర్వకంగా తెలియజేయగలరు.

మొదటి ముక్క చట్టప్రకారం నూటికి నూరుపాళ్లు కరెక్టు. సెక్షన్ సారు సెక్షన్ తప్పు రాయరు. ఆ చట్టం మా సంఘానికి వర్తించదు. వర్తించాల్సిన పనీ లేదు. సభ్యులెవరైనా ఆఫీసు వేళల్లో లెక్కల పుస్తకాలు చూసుకోవచ్చని మా సంఘం బైలాస్‌లోనే రాసి ఉంది. ఆ బైలాస్ రాసింది ఎవరో చెప్పనక్కర్లేదనుకుంటాను.

టీచరమ్మ ఆ జవాబును తీసుకెళ్లి నోటీసు బోర్డులో పెట్టిస్తానంది. ఎర్ర సిరా పెన్ను కూడా కొనుక్కొచ్చింది. కానీ బోర్డు అద్దాలకు అప్పటికే తాళం పడింది. కార్యవర్గం అనుమతి లేకుండా కాగితాలు అంటించరాదని వాట్సాప్ గ్రూపులో ప్రకటన వచ్చింది. కింద ఇరవై ముగ్గురు బొటనవేళ్లు ఎత్తారు. పంచాయతీ కార్యదర్శి జవాబు మాత్రం ఇప్పటికీ ఆ అద్దాల వెనకే, సారు ఎర్ర రాతలతో సహా ఉంది. తాళం వేసేటప్పుడు దాన్ని తీసేయాలని ఎవరికీ తోచలేదు.

దసరా సెలవుల్లో వార్షిక సమావేశం జరిగింది. సెప్టెంబరు నెలాఖరు దాకా జమాఖర్చులంటూ ఒక పేజీ కాగితం అందరికీ పంచారు. మెయింటెనెన్సు వసూళ్లు లక్షల్లో, అన్నీ గుండుసున్నాలతో. సెక్యూరిటీ, లిఫ్టు, కరెంటు, నీటి ట్యాంకర్లు, వాటర్ పనులు, ఒక్కోదానికి ఒక్కో అంకె. ఓచరు నంబరు దేనికీ లేదు. ఆడిటరు సంతకం త్వరలో వస్తుందన్నారు. ఏవైనా సందేహాలున్నాయా అని సారు అడిగారు. ఎవరికీ లేవు.

టీచరమ్మ కళ్లజోడు సవరించుకుని కాగితాన్ని పై నుంచి కింది దాకా, వేలు పెట్టి చదివింది. జమ వైపు అట్టడుగున ఒక పద్దు ఉంది. తేదీ ఉంది, రసీదు నంబరు ఉంది, ఇచ్చిన వారి ఫ్లాటు నంబరు ఉంది. 'ఇతర ఆదాయం: రూ. 10.'

ఆ కాగితం మొత్తంలో లెక్క సరిగ్గా ఉన్నది అదొక్కటే.